బువ్వబంతిలో ఇంగ్లీషు పొడుపు

ఇంగ్లీషు పొడుపు అనే మాట చెవిన పడితే చాలు, ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. కూర్చున్నదాన్ని లేస్తాను, వంటింట్లోకి పోతాను, అక్కడ పనేమీ లేక దొడ్డివాకిలి దాకా పోయి వస్తాను. మళ్ళీ కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. మా తమ్ముడు పెంచలనరసయ్య వచ్చినవాళ్ళందరితో "అక్కకు వాతం" అని చెబుతుంటాడు. వాతమట, వాడి మొహం! రెండేళ్ళ కిందట, ఈశ్వర సంవత్సరం వైశాఖంలో, వాడి కూతురి పెళ్ళిలో జరిగిందే నాకు వాతం.

నా పేరు ఆదిశేషమ్మ. పదిహేనో ఏట మొగుడు పోతే తల బోడి చేయించి పుట్టింటి వంటగదిలో కూర్చోబెట్టారు. అప్పట్లో మేము ఉదయగిరిలో, దుర్గం కొండ కింద ఉండేవాళ్ళం. తమ్ముడు నెల్లూరులో నాలుగేళ్ళు ఇంగ్లీషు చదివి వచ్చి, వసారాలో ఊగుతూ వల్లించేవాడు. ఐ అంటే కన్ను, ల్యాండ్ అంటే నేల, నీ అంటే మోకాలు. గోడకు ఇవతల నేను తిరగలి తిప్పేదాన్ని. వల్లించిన మాట మర్నాటికి వాడికి నిలిచేది కాదు, నాకు నిలిచేది. అక్షరం ఒక్కటీ రాదు నాకు. మాట చప్పుడు వచ్చు, దాని అర్థం వచ్చు, అంతే. వాడేమో ఆ చదువుతోనే ఆత్మకూరు వచ్చి, తాలూకా కచేరీ ముందర అరుగు మీద కూర్చుని రైతులకు ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టేవాడు. ఆ అర్జీలు చదివిన దొరలు ఏమనుకున్నారో భగవంతుడికే తెలియాలి.

వాడి కూతురు పెంచలుకు తొమ్మిదేళ్ళప్పుడు నెల్లూరు సంబంధం వచ్చింది. పిల్లవాడి మేనమామ వరదయ్య నెల్లూరు పెద్దకచేరీలో గుమస్తా. ఉదయగిరి కచేరీలో ఇంగ్లీషు గుమస్తా పని ఒకటి ఖాళీ ఉందనీ, తాను తలుచుకుంటే అది పెంచలనరసయ్యదేననీ ఆయన ఒక మాట వదిలాడు. ఆ మాట పట్టుకుని మా వాడు నిద్రపోవడం మానేశాడు. అది కరువు కాలం. ముందటేడు ధాత సంవత్సరంలో వాన పడలేదు, ఈశ్వరలోనూ పడేటట్టు లేదు. పెన్నలో చెలమ తీస్తే ఇసుకే వచ్చేది. ఊళ్ళకు ఊళ్ళు కంకర కొట్టే కరువు పనులకు పోతున్నాయి. వచ్చే ఏడు చేద్దాంలేరా పెళ్ళి అని నేనన్నాను. "వచ్చే ఏడుకు ఆ పని ఇంకెవడో ఎగరేసుకుపోతాడక్కా" అన్నాడు. నెల్లూరు నుంచి నాలుగు బస్తాల బియ్యం ఇద్దరు కాపలాతో బండిలో వచ్చాయి. పెళ్ళి కుదిరింది.

ఇక ఆ పొడుపు సంగతి. బువ్వబంతిలో, అంటే పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ పక్కపక్కన కూర్చోబెట్టి రెండు వైపులవాళ్ళు కలిసి తినే బంతిలో, పొడుపుకథలు వేసుకోవడం మావాళ్ళలో తాతల నాటి మాట. మగపెళ్ళివారు ఒకటి వేస్తారు. అది విప్పేదాకా బంతిలో ఎవరూ ఔపోశన పట్టకూడదు, మెతుకు ముట్టకూడదు. విప్పితే ఆడపెళ్ళివారు తిరిగి ఒకటి వేయాలి. అలా ఎవరో ఒకరు "ఓడాం బాబూ" అనేదాకా. పూర్వం తెలుగు పొడుపులు కనుక పప్పు వడ్డించినవాళ్ళు నెయ్యి తెచ్చేలోపే తేలిపోయేవి. ఈ వరదయ్య నెల్లూరు కచేరీ నుంచి కొత్త రకం పట్టుకొచ్చాడు. రెండు తెలుగు మాటలు చెబుతాడు. వాటిని మనసులో ఇంగ్లీషు చేసుకుని, ఆ రెండు చప్పుళ్ళనూ అతికిస్తే మూడో ఇంగ్లీషు మాట వినబడాలి. కొడుకు, పగలు కలిస్తే ఏమిటి? సన్, డే. సండే, ఆదివారం, కచేరీకి సెలవు. ఇదీ ఆట. పెళ్ళికి నెల ముందు నుంచీ మా తమ్ముడు అరుగు మీద పచార్లు చేస్తూ తనలో తాను గొణుక్కుంటుంటే, వీడికేం పట్టిందా అని మరదలు తాయెత్తు కట్టించబోయింది.

పెళ్ళిరోజు పొద్దున్నే, నేను పొయ్యి రాజేస్తున్నప్పుడు, దొడ్డివైపు ఎవరో పిలిచారు.

"ఆదెమ్మ తల్లీ!"

ఆ పిలుపుతో నన్ను పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. ఉదయగిరి మంత్రసాని పిచ్చమ్మ. పెంచలును భూమ్మీద వేసింది ఆమే. బిడ్డ అడ్డం తిరిగితే రెండు రాత్రులు ఒక పగలు తల్లి పక్కనుంచి కదలకుండా కూర్చుని, ఇద్దరినీ దక్కించింది. దొడ్డి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేనామెను గొంతు బట్టే పోల్చుకున్నాను. మనిషి మనిషిలా లేదు. చేతులు చూస్తే ఎండిన కందికట్టె. చీర కొంగు మాత్రం నడుముకు బిగించి కట్టుకుని ఉంది.

"ఎట్లా వచ్చావే?" అన్నాను.

"నడిసి వచ్చినాను తల్లీ, మర్రిపాడు మీదుగా. రెండు దినాలు పట్టినాది. పెంచలు పెండ్లంట గదా, కంకర కొట్టేకాడ ఎవురో చెప్పుకుంటావుంటే యిన్నాను. బిడ్డ బువ్వ తినేసినాదా?"

"ఇంకా లగ్నమే కాలేదు, బువ్వ ఎక్కడిది?"

"అమ్మయ్య" అంది. ఆ మొహంలో ఎంత తెరిపి కనబడిందో! నాకు అర్థం కాలేదు. ఆకలి మీదున్న మనిషి, అన్నం అయిపోలేదని సంతోషిస్తోంది కాబోలు అనుకున్నాను. "కూర్చో పిచ్చమ్మా. బంతి ఔపోశన పట్టందే వంటింట్లోంచి గింజ బయటికి పోకూడదు, నీకు తెలుసు కదా. వాళ్ళు ఔపోశన పట్టీ పట్టగానే మొదటి ఆకు నీకే పెడతాను. నా మాట" అన్నాను.

"అట్నేలే తల్లీ" అని గోడ నీడలో కూలబడింది. మంచినీళ్ళు పోశాను, దోసిలి పట్టి తాగింది. మూడు గుక్కలు తాగి నాలుగోది కక్కింది.

లగ్నం అయింది. తలంబ్రాలయ్యాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బువ్వబంతి వేశారు. నేను పొయ్యి దగ్గర, మరదలూ తక్కిన ఆడవాళ్ళూ వడ్డన దగ్గర. నన్ను పందిట్లోకి రానివ్వరు కదా, తలుపు సందులోంచి చూడవలసిందే. ఆకుల నిండా అన్నం, పప్పు, రెండు కూరలు, బూరెలు. ఆ ఏడు ఆత్మకూరులో అంత అన్నం ఒకచోట చూసినవాళ్ళు లేరు. దొడ్డివైపు గోడ పక్కకు ఇంకో పది పన్నెండు మంది చేరారు. వాసన పట్టుకుని వచ్చారు పాపం. ఎవరూ అడగడం లేదు, ఊరికే కూర్చున్నారు.

అప్పుడు వరదయ్య గొంతు సవరించాడు. "బావగారూ! కలాన్ని మోకాలి మీద పెడితే సీమ కాసు. విప్పండి!"

మా తమ్ముడు నవ్వాడు. నవ్వి, పైకి చూశాడు. పందిరి ఆకులు లెక్కపెట్టాడు. చెమట తుడుచుకున్నాడు. అయింది వీడి పని అనుకున్నాను. ఎంత సేపో అలా. ఇస్తరాకుల్లో పప్పు తొక్క కట్టింది. నాకు కాళ్ళు నిలవలేదు. దొడ్డివాకిలికి పోయాను.

"బిడ్డ తినినాదా తల్లీ?" అంది పిచ్చమ్మ. గొంతు పొద్దుటికన్నా సన్నగా ఉంది.

"ఇంకా లేదే. ఆట ఆడుతున్నారు."

"ఆడుకోనీ తల్లీ, పెండ్లి గదా" అని నవ్వింది. ఈ మనిషికి ఆకలి లేదా అనిపించింది. ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి మరదలు వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. "వదినా, ఆయనకు తోచడం లేదు. వరదయ్యగారు మీసం కింద నవ్వుతున్నారు. పరువు పోయేటట్టు ఉంది. ఉద్యోగం కూడా..."

"పెన్, నీ" అన్నాను. "పెన్నీ అని చెప్పుకోమను. అది సీమలో, దొరల దేశంలో చెల్లే కాసు. తొందరగా తగలడమను."

మరదలు నెయ్యిగిన్నె పట్టుకుని పోయి, మొగుడి ఆకు దగ్గర వంగి చెవిలో ఊదింది. "పెన్నీ!" అని అరిచాడు వాడు, అదేదో తన పుర్రెలోంచి ఊడిపడ్డట్టు. పందిరంతా చప్పట్లు. మేళగాడు డోలు వాయించాడు. ఇక తింటారనుకుని నేను ఆకు కోయబోయాను, పిచ్చమ్మకు. అంతలో మరదలు పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వదినా, మనవైపు నుంచి ఒకటి వేయాలట! ఆయన అడగమన్నారు. చెప్పు వదినా, చెప్పు!"

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఇంతదాకా వరదయ్యనూ తమ్ముడినీ తిట్టాను కదా, ఇప్పుడు నా వంతు. "వేసేదేమీ లేదు, ఓడామని చెప్పి తినమను" అని నేను అనవచ్చు. అంటే అయిపోయేది. కానీ ఇరవై ఏళ్ళు తిరగలి తిప్పుతూ గోడకు చెవి పెట్టి దాచుకున్న మాటలు అవి. ఆ మాటలను ఒకరు అడగడం అదే మొదలు. పందిట్లో నెల్లూరు కచేరీ గుమస్తా కూర్చుని ఉన్నాడు, ఆయన్ని ఈ బోడిది తికమకపెట్టగలదు. ఆ పొగరు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పొయ్యిలో కట్టె తోస్తూ ఆలోచించాను. చిటికెలో తోచింది.

"కంటిని నేలతో కలిపితే చుట్టూ నీళ్ళు" అన్నాను. "ఐ, ల్యాండ్. ఐల్యాండ్, అంటే లంక. విప్పలేడు."

విప్పలేకపోయాడు చాలాసేపు. తలుపు సందులోంచి చూస్తూ నేను మురిసిపోయాను. వరదయ్య ఉత్తరీయం తీసి విసురుకున్నాడు. "కన్ను... నేల..." అంటూ పక్కవాడి మొహం చూశాడు. పెళ్ళికొడుకు నిద్రతో తూగుతున్నాడు. పెంచలు ఆకు ముందర బాసింపట్టు వేసుకుని, ఒక బూరె కేసి కదలకుండా చూస్తోంది. నాకు నవ్వు వచ్చింది. ఎండ వాకిలి మెట్టు దిగి దొడ్లోకి పోయింది, నేను గమనించలేదు. దొడ్డివైపు ఒక్కసారి కూడా పోలేదు. ఆ సేపంతా పిచ్చమ్మ నాకు గుర్తే లేదు.

చివరికి ఆయన విప్పాడు. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ డోలు. వరదయ్య ముందుకు వంగి, ఇంకో పొడుపు వేశాడు. "తేనెటీగ ఆకు మీద వాలితే ఏమవుతుంది బావగారూ?"

నాకు వెంటనే తెలిసిపోయింది. బీ, లీఫ్. బిలీఫ్, అంటే నమ్మకం. మరదలు ఇటే వస్తోంది, నోరు తెరిచి చెప్పబోయాను. అప్పుడు దొడ్డిలోంచి ఎవరో ముసలాయన అన్నాడు, ఎవరితోనో: "ఆ యమ్మి ఒరిగిపోతా ఉండాది. పట్టుకోండి."

పరుగెత్తాను. పిచ్చమ్మ గోడ మీంచి జారి పక్కకు వాలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి పెదవులు కదిపింది. వంగితేగాని వినబడలేదు.

"బిడ్డ తినినాదా?"

"నీ బిడ్డ సంగతి దేవుడెరుగు, ముందు నువ్వు తిను! తెస్తున్నాను ఉండు, ఎవడేమన్నా సరే తెస్తున్నాను!"

చెయ్యి అడ్డం పెట్టింది. "వొద్దు తల్లీ. ముందు బిడ్డ వొడి నింపాల. ఆ తరవాతనే నా బువ్వ." నడుముకు బిగించిన కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది. విప్పడానికి వేళ్ళలో బలం చాలలేదు. ముడి నేను విప్పాను. మైలపడతాననే తలపే రాలేదు.

గుప్పెడు బియ్యం. పసుపు కలిపిన బియ్యం. రాయి లేదు, పురుగు లేదు, నూక లేదు. ఒక్కొక్క గింజా ఏరి పెట్టింది.

అప్పుడు గుర్తుకు వచ్చింది నాకు. నా తల పగలగొట్టుకోవాలనిపించింది. మా ఇంట ఆడపిల్ల బువ్వబంతిలో మొదటి ముద్ద తినేలోగా, ఆమె బొడ్డు కోసిన మంత్రసాని దొడ్డివాకిట గుప్పెడు బియ్యం పైనుంచి ఒడిలో వేయాలి. ఆ గుప్పెడే వండి ఆ పిల్లకు మొదటి ముద్దగా పెట్టాలి. మా మేనత్తకు అలాగే జరిగింది, నాకూ జరిగింది. ఆత్మకూరు వచ్చాక మేమా సంగతే మరిచాం. తమ్ముడికి ఇంగ్లీషు పొడుపు గుర్తుంది, ఇది గుర్తు లేదు. నాకూ లేదు. ఆమెకు ఉంది. కంకర కొట్టిన కూలితో బియ్యం కొని, పసుపు కలుపుకుని, రెండు దినాలు ఎండలో నడిచి వచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె అన్నం కోసం వచ్చిందనుకున్నాను నేను. ఆమె పెట్టడానికి వచ్చింది. ఆ గుప్పెడు నడుముకు కట్టుకుని, ఖాళీ కడుపుతో, పిల్ల ఎక్కడ ముందే తినేస్తుందో అని పొద్దంతా కాచుకుని కూర్చుంది.

"ఇంకా తినలేదే" అన్నాను. "ఇంకా తినలేదు. తీసుకొస్తాను."

నేను పందిట్లోకి నడిచాను. తలుపు సందులోంచి కాదు, నడిమి వాకిట్లోంచి. బోడితల, పొయ్యి మసి, తడిసిన పంచె. డోలు వాయించేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పెళ్ళికొడుకు తల్లి "శివ శివా" అని మొహం తిప్పుకుంది. తమ్ముడు సగం లేచాడు. "అక్కా! ఏమిటిది! శుభమా అని పెళ్ళి జరుగుతుంటే!"

నేను పోయి పెంచలు చెయ్యి పట్టుకున్నాను. "లే అమ్మా. నిన్ను భూమ్మీద వేసినామె ఒడి నింపడానికి వచ్చింది."

పిల్ల నా మొహం చూసింది. ఏం కనిపించిందో, లేచి వచ్చింది.

దొడ్డివాకిట పెంచలు చీర చెంగు పట్టుకుని నిలబడింది. ఇద్దరు ముసలాళ్ళు పిచ్చమ్మను చంకల కింద పట్టి లేపారు. పిల్లను తాకకుండా పైనుంచి వేయాలి. ఆ చెయ్యి పైకి లేచేసరికి గడగడ వణికింది. సగం గింజలు ఒడిలో పడ్డాయి, సగం నేలమీద. పెంచలు కూర్చుని, నేలమీద గింజలన్నీ ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకుంది. అంత చిన్న పిల్లకు ఆ పని ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"నూరేళ్ళు సల్లంగా ఉండు బిడ్డా" అంది పిచ్చమ్మ. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంగ పెట్టు తల్లీ" అంది.

బంతి ఔపోశన పట్టకముందే, పెద్ద గుండిగలోంచి అన్నం తీసి, మజ్జిగ పోసి పలచగా పిసికి, ఆకు దొన్నెలో ఆమెకు పెట్టాను. తక్కిన వాళ్ళకూ పెట్టాను, అందరికీ. మరదలు గడపలో నిలబడి "వదినా" అంది ఒక్కసారి. తర్వాత ఏమనుకుందో, తనే ఇంకో చట్టి అందించింది. "మెల్లగా తిను పిచ్చమ్మా" అన్నాను.

"నాకు తెలీదా తల్లీ? పురిటిబిడ్డకు పాలు పోసినట్టు పోసుకోవాల. నువ్వు పో. బిడ్డకు వొండు. అది తిన్నాక చెప్పు నాకు."

పెంచలు పోయి తన ఆకు ముందర కూర్చుంది. ఒడిలో బియ్యం నాకు ఇచ్చేసింది. వరదయ్య మొహం ముడుచుకుని, "సరే, జరిగిందేదో జరిగింది. పొడుపు సంగతి తర్వాత చూద్దాం. కానివ్వండి, అన్నాలు చల్లారిపోయాయి" అన్నాడు. ఆకలి ఆయనకూ వేస్తుంది కదా. ఔపోశనకు నీళ్ళు పోయబోయారు. పెంచలు కదలలేదు.

"నా బియ్యం ఉడకాలి" అంది.

"ఏమిటమ్మా?" అన్నాడు వరదయ్య.

"అత్త నా బియ్యం వండుతోంది. అది నేను తినాలి ముందు. అప్పుడు మీరు."

తమ్ముడు పళ్ళు కొరికాడు. "పెంచలూ! పెద్దవాళ్ళు కాచుకుని ఉన్నారు!"

"ఇందాకటి నుంచీ కాచుకునే ఉన్నారుగా నాయనా" అంది పిల్ల. తలుపు ఇవతల నేను ఆ మాట విని, నోటికి పంచె అడ్డం పెట్టుకున్నాను. సీమ కాసు కోసం, లంక కోసం అంత సేపు కూర్చున్నవాళ్ళు, గుప్పెడు బియ్యం ఉడికేదాకా కూర్చోలేం అని ఏ మొహంతో అంటారు? కూర్చున్నారు. చిన్న తపేలాలో ఎసరు పెట్టాను. తొందరలో రెండుసార్లు నిప్పు ఆర్పాను. పొంగు వచ్చేదాకా అటూ ఇటూ తిరిగాను, కూర్చోలేకపోయాను. ఆ గుప్పెడు ఉడికినంత నెమ్మదిగా ఏ అన్నమూ ఉడకలేదు నా చేతుల మీద.

మరదలు పట్టుకుపోయి వడ్డించింది. తలుపు సందులోంచి చూశాను. పెంచలు మెతుకు వదలకుండా తినింది. ఆకు మీద అంటుకున్న పసుపును కూడా వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు బంతి అంతా ఔపోశన పట్టింది.

ఆ తర్వాత సంగతులు మీకెవరైనా చెబుతారు. వరదయ్యకు నా మీద కోపం వచ్చింది గాని, పెన్నీ విప్పి ఐల్యాండ్ వేసిన మా తమ్ముడి మీద గౌరవం పోలేదు. ఉద్యోగం వచ్చింది. మళ్ళీ ఉదయగిరి చేరాం, ఇప్పుడూ ఇక్కడే ఉన్నాం. తేనెటీగ, ఆకు ఏమిటక్కా అని వాడు నన్ను ఇప్పటికీ అడుగుతుంటాడు. నేను చెప్పను.

మీకు నేను చెప్పాల్సింది ఇంకొక్కటే ఉంది. పెంచలు తినగానే, ఉరుకులు పరుగుల మీద దొడ్డివాకిలికి పోయాను. తక్కినవాళ్ళు తిని లేచి, ఆకులు దూరంగా వేస్తున్నారు. పిచ్చమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దొన్నె ఒడిలో ఉంది. రెండు గుక్కలు తాగినట్టుంది, మిగతాది అలాగే ఉంది. ఈగ వాలింది, తోలలేదు.

నేను ఆమె ముందర చతికిలబడ్డాను.

"తినింది పిచ్చమ్మా" అన్నాను. "బిడ్డ తినింది."

వినబడలేదేమోనని, ఇంకొంచెం దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాను.